దిగబడ్డ బండికి పారే దిక్కు

పాలమూరు, నల్లగొండ దారుల్లో తిరిగే బండిలో ఎలాంటి పార ఉండాలి?

మహీంద్రా థార్ పొట్టకూ నేలకూ మధ్య ఖాళీ 226 మిల్లీమీటర్లు. మారుతి జిమ్నీకి 210. మన కొలతలో చెప్పాలంటే జానెడు. దుందుభి వాగు ఇసుకలోనో మక్తల్ రేగడిలోనో చక్రం ఆ జానెడు లోతు దిగిందంటే బండి పొట్ట నేలమీద కూర్చుంటుంది. అప్పటినుంచి బరువంతా చాసిస్ మోస్తుంది, చక్రాల మీద బరువుండదు. బరువు లేని చక్రానికి పట్టు చిక్కదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా, లో గేరు వేసినా నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరుగుతాయి. తిరిగినకొద్దీ ఇంకా లోతుకు పోతాయి. పది లక్షలు దాటిన బండిని అక్కడినుంచి లేపడానికి వందల రూపాయల్లో దొరికే పార కావాలి.

ఈ బండ్లు ఇప్పుడు మన దిక్కుకు బాగా వస్తున్నాయి. హైదరాబాద్‌లో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి కొల్లాపూర్ దాటి సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున ఉంటారు. కొందరు దేవరకొండ మీదుగా నాగార్జునసాగర్ వెనక జలాల ఒడ్డుకు, వైజాగ్ కాలనీకి వెళ్తారు. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర ఉండనే ఉంది. ఎక్కడికెళ్లినా తారురోడ్డు అయిపోయాక మిగిలే చివరి మట్టిదారిలోనే చిక్కంతా. వచ్చేవాళ్ల బండి నెత్తిమీద లైట్లుంటాయి, ముందు వించ్ ఉంటుంది, పక్కన పొగగొట్టంలా స్నార్కెల్ ఉంటుంది. పార మాత్రం ఉండదు. ఉన్నా బొమ్మలాంటిది ఉంటుంది.

ఇక్కడి రైతుకు ఈ సంగతి చెప్పాల్సిన పనిలేదు. ట్రాక్టర్ ట్రాలీలో పార, గడ్డపార లేకుండా వానాకాలంలో పొలం బాట పట్టే మనిషి అరుదు. నగరం నుంచి బండి వేసుకొచ్చే వాళ్లూ, కొత్తగా బండి కొన్న మన పిల్లలూ తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

నేల చూసి పార

ఉమ్మడి మహబూబ్‌నగర్, ఉమ్మడి నల్లగొండ 2016లో కొత్త జిల్లాలుగా విడిపోయాయి. నేల మాత్రం విడిపోలేదు. ఏ జిల్లా అయినా బండిని పట్టి ఆపే నేలలు ప్రధానంగా నాలుగే. ఒక్కోటి ఒక్కో రకంగా పట్టుకుంటుంది.

ఎక్కువ భాగం సెల్క. నల్లరాతి గుట్టలు వేల ఏళ్లు ఎండకూ వానకూ అరిగి రాలిన ఎర్రమట్టి అది. పైన పలుచగా మట్టి, కింద మొరం, ఆ కింద రాయి. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు ఎటు చూసినా ఇదే. వాన పడ్డ రోజు మెత్తగా కనిపిస్తుంది, రెండు రోజులు ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది. ఇందులో బండి కూరుకుపోవడం తక్కువ. గట్టు అంచు మీదో కోసుకుపోయిన బాట మధ్య దిమ్మె మీదో పొట్ట ఆనుకుని వేలాడడం ఎక్కువ. ఆ దిమ్మెను చెక్కాలంటే కాలితో తొక్కి దించే షవల్ పనికిరాదు. పైనుంచి ఎత్తి వేసే దెబ్బ కావాలి. అంటే మన పార కావాలి, పక్కన చిన్న గడ్డపార ఉంటే మరీ మంచిది.

పడమటికి పోతే మక్తల్, నారాయణపేట, గద్వాల, అలంపూర్ దిక్కు రేగడి. ఈ నల్లమట్టిలోని బంక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పర్రెలు బారుతుంది. తడి రేగడి టైరు గాడులన్నీ నింపేస్తుంది. ఎంత ఖరీదైన టైరైనా నాలుగు చుట్లు తిరిగేసరికి నున్నగా తయారవుతుంది. పారనూ అలాగే పట్టుకుంటుంది. ఒక్క వేటు వేస్తే మట్టి ఊడి పడదు, రేకుకు అతుక్కుని రెండో వేటుకు బరువవుతుంది. వెడల్పు రేకు ఉన్నవాళ్లు ఇక్కడ ముందుగా అలసిపోతారు. రేకు సన్నగా, నున్నగా ఉండాలి. దగ్గర ఒక డబ్బాలో నీళ్లు పెట్టుకుని నాలుగు వేట్లకోసారి ముంచాలి. లేదంటే బయల్దేరేముందే రేకుకు ఇంత నూనె రాయాలి. తుప్పు పట్టి గరుకెక్కిన పారకు రేగడి మరీ గట్టిగా అంటుకుంటుంది కాబట్టి ఇక్కడ పార శుభ్రం కూడా బండి బయటపడే పనిలో భాగమే.

మూడోది వాగు ఇసుక, దుబ్బ. దుందుభి, హాలియా, ఊకచెట్టు వాగు... ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి తెల్లగా పరుచుకుని ఉంటాయి. పొడి ఇసుకలో తవ్విన గుంత వెంటనే పూడుతుంది. ఒక వేటుకు ఎక్కువ ఎత్తిపోయగలగాలి కనుక అంచులు కాస్త పైకి లేచిన వెడల్పు రేకు కామకు (పిడికర్రకు) వరసగా ఉండే షవల్ ఇక్కడ మేలు.

నాలుగోది సాగర్, శ్రీశైలం వెనక జలాలు తగ్గినప్పుడు బయటపడే ఒండ్రు. నాకు అన్నింటికన్నా భయం దీనితోనే. పైన ఎండి పర్రెలు బారి గట్టిగా కనిపిస్తుంది. మనిషి నడిస్తే ఆగుతుంది. టన్నున్నర బండి ఎక్కితే పైపెచ్చు విరిగి కింద తడి బురదలోకి చక్రం జారుతుంది. నీటి అంచుకు దగ్గరగా బండి పెట్టి ఫొటో దిగాలన్న సరదా ఇక్కడే బెడిసికొడుతుంది. ఆ ఒండ్రు మీదికి బండిని దింపకపోవడం కంటే మంచి పార లేదు.

ఎంత మట్టి తీయాలి?

పార సైజు ఎంచుకునేముందు కొంచెం లెక్క వేసుకోవాలి. చక్రం జానెడుకు కాస్త తక్కువగా, 20 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. అది పైకి ఎక్కి రావడానికి ముందువైపు మీటరు పొడవున వాలు తవ్వాలి. టైరు వెడల్పు 25 సెంటీమీటర్లు. ఒక్కో చక్రానికి తీయాల్సిన మట్టి ఘనపు మీటరులో నలభయ్యో వంతు. చెమ్మ మట్టి ఘనపు మీటరుకు దాదాపు 1,800 కిలోలు తూగుతుంది. అంటే చక్రానికి 45 కిలోలు, నాలుగు చక్రాలకు 180 కిలోలు. పొట్ట కింది మట్టి దీనికి అదనం.

వేటుకు మూడున్నర కిలోలు ఎత్తే రేకుతో ఇది యాభై వేట్ల పని. తీరిగ్గా చేసినా అరగంటలో అయిపోతుంది. అరచేతంత రేకున్న మడత పారతో వేటుకు కిలో కూడా రాదు, 180 వేట్లు దాటుతాయి. మే నెల మధ్యాహ్నం, నీడలేని వాగులో, నడుం వంచి 180 వేట్లంటే వడదెబ్బకు ఎదురెళ్లడమే. చిన్న పార కొని మిగుల్చుకున్న చోటు అక్కడ ఏ విధంగానూ అక్కరకు రాదు.

పొడవు సంగతికొస్తే, థార్ వెడల్పు 1,820 మిల్లీమీటర్లు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని పొట్ట మధ్యదాకా మట్టి లాగాలంటే 90 సెంటీమీటర్లు లోపలికి అందాలి. 70 సెంటీమీటర్ల పార అయితే మోచేయి వరకు లోపలికి పెడితే చాలు. 40, 45 సెంటీమీటర్ల పార అయితే భుజం, తల బండి కిందికి పోతాయి. దిగబడ్డ బండి ఏ క్షణాన ఎటు ఒరుగుతుందో చెప్పలేం. జాకీ మీద ఉన్నా సరే, మనిషి తల దాని కిందికి పోకూడదు. అందుకే పొడవు విషయంలో నేను రాజీపడను. 65కి తగ్గకూడదు. 80 దాటితే జిమ్నీ లాంటి చిన్న డిక్కీలో అడ్డంగా పట్టడం కష్టమవుతుంది, బండి కింద తిప్పడమూ కష్టమే.

మడత పార కథ

మోతకు వీలైన చిన్న పార యుద్ధాల్లో పుట్టింది. డెన్మార్క్ సైన్యంలో అధికారి లిన్నెమాన్ 1869లో సైనికుడు నడుముకు తగిలించుకునే పొట్టి పారకు పేటెంట్ తీసుకున్నాడు. రష్యా సైన్యం దాన్ని అందిపుచ్చుకుని సరిగ్గా 50 సెంటీమీటర్ల పొడవుతో చేయించింది. కందకం లోతు కొలవడానికి అదే కొలబద్ద. 1938లో జర్మన్లు మడతపెట్టే పార తెచ్చారు. అమెరికన్లు దాన్ని చూసి 1943లో తమది చేసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు మాత్రం డ్రైవర్ వైపు బాడీకి బయట గొడ్డలితో పాటు నిండు పొడవు షవల్ కట్టి ఉండేది. ఇది గమనించాల్సిన విషయం. మడత పార నడిచే సైనికుడికి. బండికి వాళ్లు అసలు పారే ఇచ్చారు. మహీంద్రా కంపెనీ మన దేశంలో జీపులు బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్‌తోనే. ఈనాటి థార్ ఆ వంశంలోదే.

మడత పారలో నిజంగా మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. రేకును కామకు అడ్డంగా, తొంభై డిగ్రీల్లో బిగించవచ్చు. అలా బిగిస్తే మట్టిని దగ్గరికి లాగొచ్చు. పొట్ట కింద పేరుకున్న మట్టిని తీయడానికి అదే సరైన పద్ధతి. అయితే ఆ అమరిక మనకు కొత్తది కాదు. మన రైతు భుజాన ఉండే పార పుట్టుకతోనే అలా ఉంటుంది. కీలు లేదు, మర లేదు, ఊడిపోయేది లేదు. సైన్యాలు కీలు పెట్టి సాధించిన పనిని మన కమ్మరి ఒక కన్నం, ఒక చీలతో ఎప్పుడో సాధించాడు.

ఆన్‌లైన్‌లో దొరికే రకాలు చూస్తుంటే బాధ కలుగుతుంది. గొట్టాలు మరలతో ఒకదానికొకటి తగిలించి, చివర దిక్సూచి, లోపల కత్తి, ఈల, అగ్గి రాజేసే పుల్ల, రేకు అంచున రంపం. పద్దెనిమిది పనులు చేస్తుందని రాస్తారు. తవ్వడం ఒక్కటి సరిగా చేయదు. బోలు గొట్టాల మరల దగ్గర ఇసుక దూరితే తిరగవు, బలంగా ఒత్తితే వంగుతాయి. రంపపు పళ్లున్న అంచు కొమ్మ కోయదు సరికదా, రేగడిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సైన్యానికి చేసే మూడు మడతల అసలు పార వేరు. అది కిలోకు పైగా తూగుతుంది, తెరిస్తే 60 సెంటీమీటర్లు, కీలు బిగిస్తే కదలదు. మడత పారే కావాలనుకుంటే ఆ స్థాయిదే కొనాలి. దుకాణంలోనే తెరిచి, బిగించి, రేకును గోడకు ఆనించి ఒత్తి చూడండి. కీలు దగ్గర వెంట్రుకవాసి కదలిక ఉన్నా వదిలేయండి.

కొలిమి దగ్గరికి వెళ్లండి

ఇనుప సామాన్ల దుకాణంలో కొనేవాళ్లకు టాటా అగ్రికో లాంటి పేరున్న పారలు దొరుకుతాయి. షవళ్లకు ఐఎస్ 274, పారలకు ఐఎస్ 1759 అని భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. ఆ గుర్తు ఉంటే ఉక్కు మీద కొంత భరోసా. లేకపోయినా పరీక్ష సులువే. రేకును వేళ్లతో కొడితే మొద్దుగా కాకుండా ఖంగున మోగాలి. అంచున కాలు పెట్టి ఒత్తితే కొద్దిగా వంగి మళ్లీ తన స్థానానికి రావాలి. వంగి అలాగే ఉండిపోతే అది మెత్తటి ఇనుము, మొరంలో రెండో రోజుకే అంచు ముడుచుకుంటుంది. రంగు చూసి మోసపోవద్దు.

అయితే నా మొగ్గు దుకాణం కంటే కొలిమి వైపే. ఊళ్లో ఇంకా కొలిమి వెలిగించే కమ్మరి ఉంటే ఆయన దగ్గర చేయించుకోండి. పాత లారీ కమాన్ పట్టీలు తుక్కు దుకాణంలో తూకానికి దొరుకుతాయి. ఆ ఉక్కులో కర్బనం అర శాతం పైచిలుకు ఉంటుంది. పార అంచుకు అంతకంటే మంచి ఉక్కు వెతకనక్కర్లేదు. సాగదీసి, రేకుగా కొట్టి, అంచును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచి, మళ్లీ కాస్త వేడిచేసి పెళుసుదనం తగ్గించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. బండికని చెబితే రేకు కొంచెం సన్నగా, 16 సెంటీమీటర్ల వెడల్పున, 22 పొడవున చేసిస్తారు. అంచు కొద్దిగా కోసుగా ఉంచమనండి. చదునైన అంచు మొరంలోకి దిగదు.

కామ విషయంలో కమ్మరి మాట, వడ్రంగి మాట వినండి. తుమ్మ గట్టిది, దెబ్బకు తట్టుకుంటుంది. పొలం పార కామ కన్నా జానెడు తగ్గించి కోయిస్తే డిక్కీలో పడుతుంది. కామను కన్నంలో దూర్చి చీల దిగ్గొట్టాక ఒక రాత్రి నీళ్లలో నానబెడితే కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది. మే నెల ఎండలో బండి లోపల ఉడికిన కర్ర కుంచించుకుని వదులవుతుంది కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి విసిరి చూసుకోవాలి. వదులైన పార రేకు ఎగిరి ఎదుటి మనిషికి తగిలితే ప్రాణాంతకం.

పార గురించి ఇంత జ్ఞానం పాలమూరులో ఉండటానికి కారణం ఉంది, అందులో గర్వంతో పాటు కష్టమూ ఉంది. నీళ్లు లేని నేల, కరువు తరిమితే గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానా పట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు పార, తట్ట నెత్తిన పెట్టుకుని వలస వెళ్లాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ 124 మీటర్ల ఎత్తు లేచింది యంత్రాలతో కాదు, వేల మంది కూలీల చేతులతో. 2006లో ఉపాధి హామీ తొలి విడతలో చేర్చిన జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. నడుం మీద భారం పడకుండా మోకాలు వంచి, కుడి ఎడమ చేతులు మార్చుకుంటూ, మట్టిని అవసరమైనంత దూరానికే విసరడం ఎలాగో ఇక్కడ ఏ పల్లెలో అడిగినా చూపిస్తారు. మన బండి దిగబడిందని చూసి పొలంలోంచి నడిచొచ్చే ఆ పెద్దమనిషికి మనకంటే ఎక్కువ తెలుసు. ఆయన చెప్పినట్టు వినండి, కూలి అడగకపోయినా ఇవ్వండి.

దిగబడితే

చక్రం ఒక చుట్టు ఉన్నచోట తిరిగిందనిపించగానే యాక్సిలరేటర్ మీది కాలు తీసేయాలి. సగం పని అక్కడే అయిపోతుంది. కిందికి దిగి ముందు చూడాల్సింది పొట్ట. అది ఆనుకుని ఉంటే మొదట తవ్వాల్సింది అక్కడే, చక్రాల ముందు కాదు. చాలామంది చక్రాల ముందు గుంత తవ్వి, బండి ఎక్కి, ఇంకో నాలుగు వేళ్లు లోతుకు దింపుతారు. పొట్ట వదులయ్యాక వచ్చిన దారినే వెనక్కు పోయేలా వాలు తవ్వండి. వచ్చిన దారి ఒకసారి బండిని మోసింది, ముందున్నది మోస్తుందో లేదో తెలియదు. ఇసుకలో అయితే టైర్ల గాలి 16, 18 పీఎస్ఐకి తగ్గిస్తే టైరు పరుచుకుని పట్టు దొరుకుతుంది. మళ్లీ తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవడానికి పంపు కూడా బండిలో ఉండాలి. చక్రాల కింద రాళ్లు, కొమ్మలు, ఆఖరికి కాళ్ల కింది మ్యాట్లు వేయొచ్చు. బండి కదిలేటప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు, మ్యాట్లు రాయిలా ఎగిరొస్తాయి. పొగగొట్టం మూతి మట్టిలో ఉంటే ఇంజన్ ఆన్ చేయకముందే ఆ మట్టి తీసేయాలి.

పార ఉంది కదా అని వాగు పారుతున్నప్పుడు దిగొద్దు. ఎగువన ఎక్కడో పడ్డ వానకు ఇక్కడ వాగు ఒక్కసారిగా వస్తుంది. ఇసుకలో తవ్వుతుండగా నీటి రంగు మారినా, చెత్త కొట్టుకొచ్చినా పార కూడా వదిలేసి ఒడ్డెక్కాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంత బండితో మట్టిదారులు పట్టడం నేరం. మన్ననూరు, ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది, అందులో వెళ్లండి. సలేశ్వరం జాతరకు అడవి తెరిచిన రోజుల్లో మాత్రం అనుమతించిన దారిలో వెళ్లేవాళ్లకు పార ఇంకో రకంగా పనికొస్తుంది. ఎండాకాలం నల్లమలలో గడ్డి అంటుకుంటే మొదటి క్షణాల్లో దాన్ని ఆపేది పారెడు మట్టే.

బండిలో పారను వదులుగా పడేయకండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సడన్ బ్రేకు పడితే రెండు కిలోల ఇనుము వెనక సీటు దాటి వస్తుంది. రేకుకు పాత టైరు ట్యూబు ముక్క తొడిగి, డిక్కీ నేలకు రెండు చోట్ల బెల్టుతో బిగించండి. సామాన్ల అడుగున కాదు, అన్నింటికన్నా పైన. బండి ఒరిగినప్పుడు డిక్కీ తలుపు సగమే తెరుచుకోవచ్చు.

ఒక్కటే కొనగలిగితే ఏది అని అడిగేవాళ్లకు నా తీర్పు ఇది. సెల్కలో, రేగడిలో, గుట్ట బాటల్లో తిరిగేవాళ్లకు కమ్మరి చేసిన పొట్టి కామ పార. ఎక్కువగా వాగులూ ఏటి ఒడ్డులూ తిరిగేవాళ్లకు 70 సెంటీమీటర్ల ఒకే ముక్క షవల్, చివర చేతికి పిడి ఉన్నది. రెండూ పెట్టుకునే చోటుంటే రెండూ పెట్టుకోండి, మొత్తం నాలుగు కిలోలు దాటవు. మడత పార స్కూటర్ మీద తిరిగేవాళ్లకు, వీపున సంచీతో నడిచేవాళ్లకు.

కొన్నాక ఇంటి వెనకో చేను గట్టునో ఒకసారి మోకాలి లోతు గుంత తవ్వి చూడండి. బండి బయటపడ్డ రోజున మాత్రం వెంటనే వెళ్లిపోవద్దు. మీరు తవ్విన గుంతలు పది నిమిషాలు ఆగి పూడ్చండి. తెల్లారితే ఆ బాటన ఎడ్లు నడవాలి, పిల్లలు సైకిళ్ల మీద బడికి పోవాలి.